డీ-అడిక్షన్ సెంటర్ నుంచి తమ్ముడు ఇంటికొస్తున్నాడు. ఇంట్లో మేం ఏం చేయాలి?

తమ్ముడికోసం
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు.

మా తమ్ముడు తాగుడు మానడానికి సెంటర్‌లో చేరాడు. శనివారం డిశ్చార్జి. చేతిలో ఒక కాగితం పెట్టారు: నాల్ట్రెక్సోన్ 50 రోజుకొకటి, బి విటమిన్ మాత్రలు, రెండు వారాల తర్వాత చూపించుకోవాలి. అంతే. వెనక్కి తిప్పి కూడా చూశాను, ఇంకేమీ లేదు.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. వాడి ఏటీఎం కార్డు, ఫోను, బండి తాళాలు లాగేసుకోవాలంటారు నాన్న. అసలా ఊసే ఎత్తొద్దు, ఏమీ జరగనట్టే ఉండాలంటుంది అమ్మ. మా మరదలు "ఈసారి కూడా నమ్మమంటారా వదినా?" అని ఒక్కమాట అడిగి ఊరుకుంది. ఏం చెప్పను? ఇది చాలదన్నట్టు మా పిన్ని ఏదో మాత్ర పేరు చెప్పింది. భోజనంలో కలిపి పెడితే వాడికి తెలియకుండానే మానేస్తాడట, వాళ్లకి తెలిసినవాళ్లెవరికో పనిచేసిందట.

తాగనప్పుడు వాడంత నెమ్మదస్తుడు ఉండడు. శనివారం నుంచి మేం ఎలా ఉండాలో ఎవరైనా చెప్పండి.

వార్డు_నర్సు
మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ భోజనంలో కలిపే మాత్ర సంగతి.

మీ పిన్నిగారు చెప్పింది డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. ఒంట్లోకి వెళ్లిన ఆల్కహాల్‌ని కాలేయం ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, ఆ తర్వాత దాన్ని కూడా విరగ్గొట్టేస్తుంది. ఈ మాత్ర ఆ రెండో పనిని అడ్డుకుంటుంది. దాంతో ఎసిటాల్డిహైడ్ ఒంట్లో పేరుకుపోయి ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం మొదలవుతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లకి ప్రాణం మీదికే రావచ్చు. తను ఆ మాత్ర మీద ఉన్నట్టు తెలియని మనిషి ఎప్పుడూ తాగేంత తాగేస్తాడు. అసలు ప్రమాదం అక్కడే. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. కొన్ని దగ్గు సిరప్‌లలో, మౌత్‌వాష్‌లలో ఉండే కాస్త ఆల్కహాల్ చాలు.

అలాగని చెడ్డ మాత్రేం కాదు. డెబ్బై ఏళ్లకు పైగా వాడుతున్నారు. మనిషికి అన్నీ వివరించి, ఒప్పించి, రక్తపరీక్షలు చేసి, రోజూ ఇంట్లో ఒకరి ఎదుట వేసుకునేలా ఏర్పాటు చేసుకుంటే బాగానే పనిచేస్తుంది. దొంగచాటుగా పెట్టారో, తెలిసిన రోజున మీరిచ్చిన మంచినీళ్లు కూడా అనుమానంగానే చూస్తాడు.

మీ తమ్ముడికి రాసిన నాల్ట్రెక్సోన్ దారి వేరు. దాన్ని వేసుకుని తాగితే వాంతులు కావు. తాగినప్పుడు వచ్చే కిక్కు తగ్గుతుంది, మెల్లగా తాగాలన్న యావ కూడా తగ్గుతుంది. కాలేయ పరీక్ష ఎప్పుడు చేయించాలో కాగితంలో రాసి ఉందా? లేకపోతే రెండు వారాల తర్వాత వెళ్లినప్పుడు మీరే అడగండి.

మెట్టుమెట్టు
అక్కా, నేను మీ తమ్ముడి స్థానం నుంచి చెప్తాను. నేనూ అలాగే ఒక శనివారం సంచీ పట్టుకుని ఇంటికి వచ్చినవాణ్ణే.

సెంటర్‌లో ఉన్నన్నాళ్లు మానడం కష్టమనిపించదు. టైముకి లేపుతారు, టైముకి పెడతారు, బయటికి పోనివ్వరు. ఇంటికొచ్చాక సాయంత్రం ఆరవుతుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది. ఆ టైముకి కాళ్లు వాటంతటవే చెప్పుల దగ్గరికి వెళ్తాయి. మొదటి వారాల్లో సాయంత్రాలు ఖాళీగా ఉంచకండి. నడకో, పిల్లల హోంవర్కో, మార్కెట్టో, ఏదో ఒక పని. అయితే మీరు పురమాయించినట్టు కాకుండా వాడితోనే కూర్చుని ముందే అనుకోండి.

ఇంకొకటి. మా నాన్న నేను బయటినుంచి రాగానే గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడి "ఏరా, ఎండగా ఉందా?" అని అడిగేవారు. రాత్రి తొమ్మిదింటికి ఎండేంటి? నేను నోరు తెరిస్తే వాసన పట్టడానికి. ఆ ప్రశ్న వినగానే నాకు పౌరుషం వచ్చి వెనక్కి తిరిగి వెళ్లిపోవాలనిపించేది. ఒకట్రెండుసార్లు వెళ్లిపోయాను కూడా. అనుమానం ఉంటే సూటిగా అడగమనండి. లేదా ముందే ఒప్పందం చేసుకోండి: మాత్ర మీ ఎదుట వేసుకుంటాడు, అది తప్ప రోజంతా ఇంకే తనిఖీ ఉండదు అని.

కార్డు గురించి: లాక్కుంటే జైలు అవుతుంది. కొన్నాళ్లు నువ్వే ఉంచక్కా అని వాడే ఇస్తే మంచి ఏర్పాటు. రెండింటికీ చాలా తేడా ఉంది.

సందేహరావు
ఇవన్నీ వ్యాపారాలండీ. సెంటర్లు, మాత్రలు, కౌన్సెలింగులు. మా పెదనాన్న రోజుకో సీసా తాగేవాడు. ఒకరోజు పొద్దున లేచి "ఇవాళ్టినుంచి లేదు" అన్నాడు. లేదు అంటే లేదు. ఏ డాక్టరు దగ్గరికీ పోలేదు. కావలసింది మొండిపట్టు. అది లేనివాడికి ఎన్ని మాత్రలిచ్చినా బూడిదలో పోసిన పన్నీరే.

వార్డు_నర్సు
సందేహరావు గారూ, సొంతంగా మానేసేవాళ్లు ఉన్నారు. తక్కువేం కాదు కూడా. ఆ మాట ఒప్పుకుంటాను. మీ పోస్టు చదివి ఎవరైనా రేపు పొద్దున అలాగే ఆపేస్తారేమోనని నా భయం.

రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఆఖరి గ్లాసు తర్వాత ఆరేడు గంటల నుంచే చేతులు వణకడం, చెమటలు పట్టడం మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొంతమందికి డెలిరియం ట్రెమెన్స్ వస్తుంది. లేనివి కనిపిస్తాయి, తానెక్కడున్నదీ తెలియదు, జ్వరం, గుండె వేగం. వైద్యం అందకపోతే చనిపోవచ్చు. మా వార్డులో ఒకాయన రాత్రంతా దుప్పటి మీద లేని చీమల్ని ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టేవాడు. నా చేతికి స్టీలు గిన్నె ఇచ్చి "సిస్టర్, ఇందులో వేస్తాను, మూత పెట్టండి" అన్నాడు. డయాజెపామ్, లోరాజెపామ్ లాంటివి మొదటి రోజుల్లో లెక్క ప్రకారం ఇచ్చి తగ్గించుకుంటూ వచ్చేది ఇందుకే. మత్తులో పడేయడానికి కాదు.

తమ్ముడికోసం గారూ, ఆ బి విటమిన్ కూడా బలానికని ఇచ్చింది కాదు. ఎక్కువకాలం తాగినవాళ్లలో బి1 అడుగంటిపోతుంది. అది ముదిరితే చూపు, నడక, తెలివి దెబ్బతింటాయి. ఒక్కోసారి జ్ఞాపకశక్తి పోయి మళ్లీ రాదు. విటమిన్ కదా అని మానేయనివ్వకండి.

సందేహరావు
సరే, చావకుండా ఉండటానికి డాక్టరు కావాలి. ఒప్పుకున్నా. మరి అంత ఖర్చుపెట్టి సెంటర్‌లో ఉంచి పంపిస్తే సగం మంది మళ్లీ మొదలెడతారెందుకు? మా కాలనీలో మూడోసారి వెళ్లొచ్చినవాడున్నాడు.

లెక్కలమాస్టారు
మీరు సగం అని విసురుగా అన్నా, లెక్క దగ్గరగానే ఉంది. మత్తుపదార్థాల సమస్యల్లో మళ్లీ మొదలుపెట్టేవాళ్లు 40 నుంచి 60 శాతం అని మత్తుపదార్థాల వాడకంపై పరిశోధన చేసే అమెరికా జాతీయ సంస్థ నైడా చెప్తుంది. ఆ పక్కనే ఇంకో లెక్క కూడా ఇస్తుంది. బీపీ, ఉబ్బసం రోగుల్లో వైద్యం సరిగా పాటించక లక్షణాలు తిరగబెట్టేవాళ్లు 50 నుంచి 70 శాతం. బీపీ మాత్ర మానేశాక బీపీ పెరిగితే మాత్ర పనిచేయలేదని ఎవరూ అనరు. మాత్ర పనిచేసిందనడానికి అదే రుజువు అంటారు. డీ-అడిక్షన్ విషయంలో మాత్రం ఒక నెల వైద్యం చేసి, ఆపేసి, ఆరు నెలల తర్వాత "చూశారా, పనిచేయలేదు" అంటారు.

ఆ సంస్థే ఇంకో మాట కూడా అంటుంది. సెంటర్‌లో ఉండి తీసుకున్నా, ఇంటినుంచి వచ్చిపోతూ తీసుకున్నా, 90 రోజులకంటే తక్కువ వైద్యంతో ఫలితం పరిమితం. నెలరోజులు చాలవన్నమాట. మిగతాది డిశ్చార్జి తర్వాతే జరగాలి.

సందేహరావు
మాస్టారూ, బీపీ వచ్చినవాడు పెళ్లాం పేరు మీద అప్పు చేయడండీ.

ఎర్రమందారం
ఈ ఒక్క విషయంలో సందేహరావు గారి పక్షం నేను.

జబ్బే. ఒప్పుకుంటాను. మెదడులో మార్పులొస్తాయని డాక్టరు బొమ్మ గీసి మరీ చూపించారు. కానీ బ్యాంకువాళ్ల ఫోను నాకొస్తుంది. ఆయనకు జబ్బు, నాకు వాయిదాలు. అందరూ వచ్చి "పాపం, అతనికి ధైర్యం చెప్పమ్మా" అంటారు. నాకెవరు చెప్పాలి? తమ్ముడికోసం గారూ, మీ మరదలు అడిగిన ప్రశ్నకి మీరు జవాబు చెప్పక్కర్లేదు. నమ్మమని ఆమెను బతిమాలకండి. ఆమె నమ్మకపోయినా అతని వైద్యం సాగుతుంది. నమ్మాల్సిన అవసరం లేకుండా బతికే ఏర్పాట్లు ఆమెకు ఉండాలి: తన పేరున ఖాతా, అప్పుల పూర్తి లెక్క, పిల్లల ఫీజుల డబ్బు అతని చేతికి అందకుండా ఉండటం.

నాకు కాస్త ఊపిరి తిరిగింది అల్-అనాన్‌కి వెళ్లాక. తాగేవాళ్ల కుటుంబసభ్యుల కోసం 1951లో మొదలైన బృందాలవి. తాగుడు మానాలనుకునేవాళ్ల బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్ స్థాపకుల్లో ఒకరి భార్య లోయిస్ విల్సన్ పెట్టారు. అక్కడ ఆయన్ని ఎలా మార్చాలో చెప్పరు. ఆయన తాగినా తాగకపోయినా నా రోజు ఎలా గడపాలో మాట్లాడుకుంటాం. మొదటి రెండు మీటింగులూ నాకు చిరాకేసింది. నా సమస్యకి ఒక్కరూ పరిష్కారం చెప్పలేదేంటని. ఇప్పుడైతే ఎవరైనా పరిష్కారం చెప్పబోతే చిరాకేస్తోంది.

మెట్టుమెట్టు
ఎర్రమందారం గారు అన్నది మా ఆవిడ చదివితే మీకు గుడి కడుతుంది.

మీటింగుల మాట వచ్చింది కాబట్టి. 1935లో అమెరికాలోని అక్రాన్ అనే ఊళ్లో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ కలిశారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే. తాగాలనిపించినప్పుడు ఇంకో తాగుబోతుతో మాట్లాడితే ఆ పూట గడిచిపోతుందని కనిపెట్టారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అంటే మూలం అదే. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, ఎప్పుడైనా రావచ్చు పోవచ్చు. నాకైతే అక్కడ దొరికింది ఒక ఫోన్ నంబరు. స్పాన్సర్ అంటాం. రాత్రి పదకొండుకి చేసినా "మళ్లీనా?" అనని మనిషి. ఇంట్లోవాళ్లకి చెప్తే భయపడతారు, స్నేహితులకి చెప్తే నవ్వుతారు. ఆయన మాత్రం "ఇప్పుడెక్కడున్నావ్? ఏం తిన్నావ్?" అని అడుగుతాడు. సగంసార్లు అసలు సంగతి ఆకలే అయ్యుంటుంది.

సందేహరావు
అదో భజన సంఘం. దేవుడికి అప్పగించెయ్ అంటారు. దేవుణ్ణి నమ్మనివాడి గతేంటి?

లెక్కలమాస్టారు
నేనూ నమ్మనివాణ్ణే. అందుకే ముందు పరిశోధనలు చూశాను. 2020లో కొక్రేన్ సమీక్ష ఒకటి వచ్చింది, అంటే ఒక విషయం మీది అధ్యయనాలన్నీ కలిపి చూసేది. 27 అధ్యయనాలు, 10 వేలకు పైగా మనుషులు. అనానిమస్ బృందాలకు పద్ధతిగా అలవాటు చేసే వైద్యాన్ని, మానసిక చికిత్సలతో పోల్చారు. పూర్తిగా మానేసి ఉండటం అన్న కొలతలో బృందాల వైపే మొగ్గు కనిపించింది. మిగతా కొలతల్లో దాదాపు సమానం. ఇదంతా మద్యం గురించే, మిగతా మత్తుల గురించి కాదు. ఇంకో సంగతి, ఊరికే అడ్రసు చేతిలో పెట్టి పంపడం కాకుండా డాక్టరో కౌన్సెలరో వెంటబడి అలవాటు చేసినప్పుడు వచ్చిన ఫలితమిది.

దేవుడి మాట మింగుడు పడనివాళ్లకి 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది. అందులో అనానిమస్ బృందాల్లోలా పాటించాల్సిన మెట్లూ ప్రార్థనలూ ఉండవు. ఏ ఆలోచన తర్వాత ఏం చేస్తున్నామో కాగితం మీద గీసి చూసుకునే పద్ధతి. ఆన్‌లైన్‌లో కూడా జరుగుతాయి. ఏదో ఒకటి నప్పుతుంది. నప్పనిదాన్ని తిట్టుకుంటూ కూర్చోవడం దేనికి?

గ్యారంటీ_వైద్యం
[ఈ పోస్టు తొలగించబడింది]

పర్యవేక్షకుడు
"ఏడు రోజుల్లో గ్యారంటీగా మాన్పిస్తాం, రోగికి తెలియక్కర్లేదు" అంటూ ఫోన్ నంబరుతో వచ్చిన ప్రకటన తీసేశాను. ఇలాంటిది ఈ వారంలో ఇంకోటి కూడా వచ్చింది. ఎవరికైనా ప్రైవేటు సందేశాల్లో వస్తే నాకు పంపండి. చర్చ కొనసాగించండి.

రెండోఇన్నింగ్స్
ఇక్కడ అందరూ మద్యం గురించే మాట్లాడుతున్నారు. నాది వేరే దారి. నొప్పి మాత్రలతో మొదలై హెరాయిన్ దాకా వెళ్లాను. ఇప్పుడు బ్యూప్రెనార్ఫిన్ మీద ఉన్నాను. రోజూ పొద్దున నాలుక కింద పెట్టుకుంటాను, కరిగేదాకా మాట్లాడకూడదు. మా అమ్మ ఆ పది నిమిషాలే ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందంటుంది.

మా బంధువుల్లో ఒకాయన "ఒక మత్తు మానడానికి ఇంకో మత్తా?" అంటుంటాడు. మాన్పించెయ్యమని అమ్మకి నూరిపోస్తాడు. ఈ మాత్ర మెదడులో హెరాయిన్ కూర్చునే చోటే కూర్చుంటుంది, నిజమే. కానీ సగమే పనిచేస్తుంది. డోసు పెంచినకొద్దీ ఒక హద్దు దాటి ప్రభావం పెరగదు. దాంతో ఒళ్లు నొప్పులు, వాంతులు, పిచ్చెక్కినట్టు ఉండటం ఇవేవీ ఉండవు. మత్తూ ఉండదు. నేను ఉద్యోగానికి వెళ్తున్నాను. 1960లలో న్యూయార్క్‌లో డోల్, నిస్వాండర్ అనే డాక్టర్లు మెథడోన్ అనే ఇలాంటి మందుతోనే మొదలుపెట్టిన దారి ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మెథడోన్‌నీ, బ్యూప్రెనార్ఫిన్‌నీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఎన్నాళ్లు వాడాలన్నది నేనూ మా డాక్టరూ చూసుకుంటాం.

ఈ థ్రెడ్‌లోకి రావడానికి అసలు కారణం ఇంకోటుంది. నాతోపాటు సెంటర్‌లో ఉన్న కుర్రాడొకడు మాత్రలేమీ లేకుండా "శుభ్రంగా" బయటికొచ్చాడు. వాళ్ల ఇంట్లో పండగ చేసుకున్నారు. కొన్నాళ్లకి ఒక్కసారికే కదా అని పాత మోతాదే తీసుకున్నాడు. కొన్ని వారాలు ఆపితే ఒళ్లు ఆ అలవాటు పోగొట్టుకుంటుంది. ఒకప్పుడు తట్టుకున్న మోతాదే చంపేస్తుంది. సెంటర్ నుంచో జైలు నుంచో వచ్చిన తొలి వారాలు ఓపియాయిడ్ (హెరాయిన్, ఆ జాతి నొప్పి మాత్రలు) వాడినవాళ్లకి అన్నిటికంటే ప్రమాదం. వాడికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో అలాంటివాళ్లుంటే ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు విరుగుడుగా ఇచ్చే నలోక్సోన్ గురించి మీ డాక్టర్ని అడగండి. ముక్కులో కొట్టే స్ప్రే ఉంటుంది, ఇంజెక్షన్ కూడా. కనుపాపలు సూదిమొనంత అయిపోవడం, పిలిస్తే పలకకపోవడం, పెదవులు నీలిబడటం, ఊపిరి ఎప్పుడో ఒకటి తీయడం కనిపిస్తే వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. నలోక్సోన్ ఇచ్చి, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. లేచి కూర్చున్నాడు కదా అని వదిలేయకూడదు. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నర మాత్రమే, లోపలి మత్తు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

వార్డు_నర్సు
రెండోఇన్నింగ్స్ రాసింది పర్యవేక్షకుడు గారు పైన పిన్ చేయాలి. ఊపిరి ఆగిపోతే అంబులెన్స్ వచ్చేదాకా నోట్లోకి ఊపిరి ఊదాలి. అదొక్కటే కలుపుతున్నాను.

పర్యవేక్షకుడు
చేశాను.

కిటికీపక్కన
నాదొక ప్రశ్న. మా నాన్నగారు అసలు వైద్యానికే ఒప్పుకోరు. "నాకేం సమస్య లేదు" అంటారు. మా అన్నయ్య మనుషుల్ని పంపి బలవంతంగా ఎత్తుకెళ్లే సెంటర్ ఒకటి చూశాడు. తలుపులకి బయటినుంచి తాళాలు, నెలరోజులు ఇంట్లోవాళ్లు చూడటానికి వీల్లేదట. నాకు భయంగా ఉంది. ఒప్పుకోని మనిషిని ఇంకెలా తీసుకెళ్లాలి?

వార్డు_నర్సు
ఆ సెంటర్‌కి పంపొద్దు. ఎవరినీ చూడనివ్వని చోట లోపల ఏం జరుగుతుందో మీకు తెలిసే దారి లేదు. రాత్రిళ్లు నర్సు ఉంటారా, ఫిట్స్ వస్తే ఏం చేస్తారు, సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు చూస్తారు, షుగర్ బీపీ మాత్రలు లోపల కొనసాగిస్తారా, డిశ్చార్జి తర్వాత ఏర్పాటేంటి అని అడిగి చూడండి. కొట్టడం, కట్టేయడం, అందరి ముందు అవమానించడం వైద్యం కాదు. డిప్రెషన్ ఉందేమో కూడా చూడాలి. తాగుడు వెనక అది దాక్కుని ఉంటే, దాన్ని వదిలేసి దీన్నొక్కదాన్నే మాన్పించడం చాలా కష్టం.

ఎర్రమందారం
కిటికీపక్కన గారూ, ఇది నేను నేర్చుకున్న పద్ధతి. క్రాఫ్ట్ అంటారు. రాబర్ట్ మేయర్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు రూపొందించారు. వైద్యం వద్దనే మనిషి ఇంట్లోవాళ్లకి శిక్షణ ఇస్తారు. అధ్యయనాల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది చివరికి వైద్యానికి ఒప్పుకున్నారు. అందర్నీ కూర్చోబెట్టి నిలదీసే పద్ధతికంటే ఇది బాగా మెరుగు.

చెప్పడానికి తేలిక, చేయడానికి ఒళ్లు మండుతుంది. తాగి ఉన్నప్పుడు వాదించకూడదు, గదిలోంచి వెళ్లిపోవాలి. తాగని సాయంత్రం మాత్రం పక్కన కూర్చోవాలి, ఆయనకిష్టమైనది చేయాలి, "ఇవాళ ఇలా కూర్చుంటే బాగుంది" అని పైకి అనాలి. నాకు ఆ మాట గొంతులోంచి రాలేదు మొదట్లో. మానినందుకు మెచ్చుకోవాలా అని రోషం. రెండోది, ఆయన తాగినదానికి వచ్చే ఇబ్బందిని మనం తుడిచేయకూడదు. ఆఫీసుకి ఫోన్ చేసి "జ్వరమండీ" అని చెప్పడం మానేశాను. ఆ రోజు ఆయనే ఫోన్ చేసుకున్నారు, గొంతు తడబడుతూ. తర్వాతి వారం తనంతట తానే "ఆ డాక్టరు నంబరు ఉందా?" అని అడిగారు. నేను పర్సులో ముందే రాసిపెట్టుకున్నాను. అడిగిన గంటలోనే వెళ్లాలి, రేపు చూద్దాం అంటే ఆ ఘడియ దాటిపోతుంది.

ఒక హెచ్చరిక: చెయ్యి చేసుకునే మనిషైతే ఇవేవీ ప్రయత్నించకండి. ముందు మీరు, మీ అమ్మగారు క్షేమంగా ఉండే చోటు చూసుకోండి.

తమ్ముడికోసం (పది రోజుల తర్వాత)
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వాడు వచ్చాడు. కార్డు గురించి మేమెవ్వరం ఎత్తలేదు, వాడే ఇచ్చాడు. మాత్ర పొద్దున నా ఎదుట వేసుకుంటున్నాడు, నేను మా ఇంట్లో ఉన్నరోజు వీడియో కాల్‌లో. మీటింగుకి రానంటున్నాడు. "అక్కడ తెలిసినవాళ్లుంటే?" అంటాడు. నాన్న ఇంకా వాసన చూస్తూనే ఉన్నారు, "ఎండగా ఉందా" కథ చదివి వినిపించాను, నవ్వారు కానీ మానలేదు. మరదలు ఖాతా తెరిచింది. వాడితో ఇంకా పెద్దగా మాట్లాడదు.

వచ్చే నెల వాడి ఆఫీసులో పార్టీ. వెళ్లకపోతే అడుగుతారట. వెళ్తే?

మెట్టుమెట్టు
తెలిసినవాళ్లుంటే వాళ్లూ అదే పని మీద వచ్చారని చెప్పక్కా. లేదంటే ముందు ఆన్‌లైన్ మీటింగులో కెమెరా ఆపేసి వినమను.

పార్టీకి ఈసారికి వద్దు. తప్పదంటే చివర్లో కాకుండా మొదట్లో వెళ్లి, గ్లాసులు బయటికి రాకముందే వచ్చేయాలి. సొంత బండి మీద వెళ్లాలి, ఇంకొకరి కారులో ఇరుక్కోకూడదు. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక చల్లటి డ్రింక్ ఉంటే ఎవరూ అడగరు. అడిగితే "మాత్రలు వాడుతున్నా" చాలు, అది అబద్ధం కూడా కాదు. తాగాలన్న కోరిక ఉధృతంగా వచ్చినా సాధారణంగా అరగంటలోపు తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపు ఎవరితో ఫోన్లో ఉండాలో ముందే అనుకోమను.

ఒకవేళ తాగేశాడనుకో. ఆ మర్నాడు ఏం చేయాలో కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి, ఎవరికి ఫోన్, ఏ డాక్టరు. ఒక గ్లాసు పడగానే "ఎలాగూ పోయింది, ఇంకేముంది" అన్న ఆలోచన వస్తుంది చూడు, మిగతా సీసా తాగించేది అదే. దీన్ని 1980లలోనే మార్లట్ అనే సైకాలజిస్టు గుర్తించి రాశాడు. ఒక గ్లాసు దగ్గర ఆగినవాడు ఓడిపోలేదని ఇంట్లోవాళ్లు కూడా అనుకోవాలి. అక్కడ అరిచి గోలచేస్తే వాడి తలలో ఉన్న మాటే మీరూ అన్నట్టవుతుంది.

సందేహరావు
ఆఫీసు పార్టీ మానేస్తే కొంపలేం మునగవు. మా పెదనాన్న అయితే రెండేళ్లు ఏ ఫంక్షనుకీ వెళ్లలేదు. (మాస్టారు నవ్వకండి, అదీ ఒక పద్ధతే.)

లెక్కలమాస్టారు
నవ్వట్లేదు. పరిస్థితికి దూరంగా ఉండటం అంటే అదే కదా. మొండిపట్టు ఒక్కటే చాలదని మీ పెదనాన్నకి తెలిసిందన్నమాట.

తమ్ముడికోసం
పార్టీ మానేస్తున్నాడు, వాడే అన్నాడు. ఇంకో చిన్న విషయం. వాడికి పంటినొప్పి, రేపు పన్ను పీకించుకోవాలి. ఈ నాల్ట్రెక్సోన్‌తో నొప్పి మాత్రలు వేసుకోవచ్చా?

వార్డు_నర్సు
మంచి పని చేశారు అడిగి. నాల్ట్రెక్సోన్ వాడుతున్నట్టు డెంటిస్ట్‌కి కుర్చీలో కూర్చోకముందే చెప్పాలి. పన్ను దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌కి ఇబ్బంది లేదు, అది వేరే రకం. ట్రమడాల్, కొడైన్ లాంటి ఓపియాయిడ్ నొప్పి మాత్రలు మాత్రం పనిచేయవు. పనిచేయట్లేదని ఎక్కువ వేసుకుంటే చాలా ప్రమాదం. మామూలు నొప్పి మాత్రల్లో ఏది, ఎంత అన్నది అతని కాలేయం సంగతి, కడుపు సంగతి చెప్పి డాక్టర్‌తోనే రాయించుకోండి. ఇకనుంచి "నేను నాల్ట్రెక్సోన్ వాడుతున్నాను" అని ఒక చీటీ రాసి పర్సులో పెట్టుకోమనండి. యాక్సిడెంటై స్పృహ లేకుండా ఆసుపత్రికి వచ్చినా మాకు తెలియాలి.

రక్తపరీక్ష తేదీ ఇచ్చారా ఇంతకీ?